లాకుల్లో ఉన్నాడండీ

ఆ ఆదివారం పొద్దున మంగళగిరి వెళ్తున్నానని మా ఆయనతో చెప్పి ఇంట్లోంచి బయల్దేరాను. మా కాలేజీ లెక్కల టీచరమ్మకి మగ్గాల వాళ్లు తెలుసనీ, చీరలు నేరుగా వాళ్ల దగ్గర కొంటే బాగుంటాయనీ, సాయంత్రానికి వచ్చేస్తాననీ కూడా చెప్పాను. అడగని వివరాలన్నీ చెబుతున్నానంటే అబద్ధమాడుతున్నానని ఇన్నేళ్ల కాపరంలో ఆయనకి తెలిసుండాల్సింది. ఆయన పేపర్లోంచి తలెత్తకుండా "నాకో కండువా తే" అన్నారు. మంగళగిరి బస్సు బెజవాడ నుంచి కృష్ణ దాటి అటు పోతుంది. నేనెక్కాల్సిన పామర్రు బస్సు బందరు రోడ్డు పట్టుకుని ఇటు పోతుంది.

కారణం ముందురోజు సాయంత్రం వచ్చిన ఫోను. తొంభయ్యో దశకం చివరి రోజులవి. మాకింకా సొంత ఫోను లేదు. కింది వాటాలో ఉండే ఇంటివారి నంబరే చుట్టాలందరికీ ఇచ్చుకున్నాం. "టీచరు గారూ, మీకు ఫోనండీ, ఏదో ఊరి నుంచి" అని ఇంటావిడ కేకేస్తే పరిగెత్తుకుంటూ దిగాను. అవతల పెద్ద వయసు మనిషి గొంతు, మధ్యమధ్యలో ఒకటే గరగర.

"అమ్మా, సాంబశివరావు అక్కగారేనాండీ? మీ తమ్ముడు లాకు..." గరగర. "...ల్లో ఉన్నాడండీ."

"ఎక్కడా? లాకప్పులోనా?"

"ఆఁ ఆఁ, అక్కడేనండీ. ఆడపిల్ల విషయం కదండీ, ఆలస్యం చేస్తే బాగోదు. మీ వైపు పెద్దవాళ్లు ఒకళ్లొచ్చి మాట్లాడుకుంటే..." మళ్లీ గరగర. "...రేపు పదింటికల్లా వచ్చెయ్యండి."

ఊరి పేరు చెప్పాడు. పామర్రులో దిగితే ఆటోలుంటాయన్నాడు. లైను తెగిపోయింది. రిసీవరు పెట్టేశాను. ఇంటావిడ గుమ్మంలోనే నిలబడి "ఏమైందండీ?" అంది. "మా తమ్ముడికి కాస్త జ్వరమట" అన్నాను. ఆ ప్రయాణంలో నేనాడిన అబద్ధాలకి అది బోణీ.

సాంబశివరావుని ఇంట్లో సాంబు అంటాం. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. అమ్మా నాన్నా పోయాక మా ఇంట్లోనే పెరిగాడు. ఇంటర్ తప్పాడు. వీడియో షాపులో కొన్నాళ్లు, లారీ ఆఫీసులో కొన్నాళ్లు చేశాడు. చదువుకునే రోజుల్లో ఒకసారి సినిమా హాలు దగ్గర కొట్లాటైతే, దొరికినవాళ్లందరితో పాటు వీణ్నీ స్టేషన్లో సాయంత్రం దాకా కూర్చోబెట్టి పంపేశారు. వాడు చేసిందేమీ లేదు, టిక్కెట్ల కోసం లైన్లో నిలబడ్డాడంతే. కానీ అప్పట్నించీ మా చుట్టాల్లో ఎక్కడ ఏ తగువొచ్చినా "సాంబు ఎక్కడున్నాడు?" అని అడిగేవాళ్లు. నేనూ అడిగేదాన్ని. ఆరు నెలల కింద వాడు "కాలవల మీద ఏదో పని దొరికిందక్కా, కుదురుకున్నాక కబురు చేస్తా" అని బట్టలు సర్దుకుని వెళ్లిపోతే నాకు దిగులు వెయ్యలేదు. హమ్మయ్య అనిపించింది. ఈ మాట మా ఆయనకి కూడా ఇంతవరకూ చెప్పలేదు.

సంచీలో వాడి పాత లుంగీ ఒకటి, తువ్వాలు, వాడు వదిలేసి వెళ్లిన చొక్కా, ఒక బ్రెడ్డు పెట్టుకున్నాను. పైన మా ఆయనకి కనపడేట్టు ఖాళీ చీరల సంచీ మడిచి పెట్టాను. బస్టాండు బయట అర డజను చక్కరకేళీ అరటిపళ్లు కొన్నాను. గట్టి పళ్లు వద్దు, మెత్తవి ఇమ్మన్నాను. దెబ్బలు తిని ఉంటే నమలలేడేమో అని. ఎంత దూరం ఆలోచించానో చూడండి.

ఏడింటికి బస్సు కదిలింది. పక్కన బొట్టు పెద్దగా పెట్టుకున్న ఒకావిడ కూర్చుంది. ఒళ్లో పూల పొట్లం ఉంది. బెంజి సర్కిల్ దాటకముందే మొదలుపెట్టింది.

"ఎందాకా అమ్మా?"

"పామర్రండీ."

"చుట్టాలింటికా?"

"అవునండీ."

"శుభకార్యమా?"

"ఆఁ, శుభకార్యమే" అన్నాను కిటికీలోంచి చూస్తూ. ఆరోజు నేను చెప్పిన అబద్ధాలన్నిట్లోకీ నిజమైంది అదొక్కటే. ఆవిడ ఒక మూర విరజాజులు తుంచి "మంచి పనికి పోతూ వట్టి తలతో ఏంటమ్మా" అని నా చేతిలో పెట్టింది. తమ్ముణ్ని లాకప్పులోంచి విడిపించుకోడానికి తలలో పూలు పెట్టుకుని బయల్దేరినదాన్ని బహుశా నేనొక్కదాన్నేనేమో.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి చెప్పాలి. నేను జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. శనివారం ఆఖరి పీరియడ్‌లో పాఠం పక్కన పెట్టి, బోర్డు మీద ఒకే ఒక్క ఇంగ్లీషు మాట రాసి, దానికెన్ని అర్థాలో, ఎక్కణ్నించి వచ్చిందో చెప్పడం నాకు సరదా. పరీక్షలో రాదు కాబట్టి పిల్లలు శ్రద్ధగా వింటారు. అలవాటు పడ్డ బుర్ర ఊరుకోదు కదా. కంకిపాడు వచ్చేసరికి నా మనసులో బోర్డు మీద 'లాక్' అని రాసేశాను.

తలుపుకి వేసే తాళం లాక్. బ్యాంకులో నగలు దాచుకునేది లాకరు. మా నాన్న పనిచేసిన మిల్లు గేటుకి ఒకరోజు నోటీసు అంటించి యజమానులు చేసింది లాకౌటు. ఆ మాట మేం బళ్లో నేర్చుకోలేదు, అమ్మ వంటింట్లో డబ్బాలు దులుపుతుంటే నేర్చుకున్నాం. పాత ఇంగ్లీషులో ఈ మాటకి గడియ అనీ, మూసి ఉంచే చోటు అనీ అర్థం. మనుషుల్ని మూసి ఉంచే లాకప్పు అక్కణ్నించే వచ్చింది. మన తెలుగు 'లాక్కుపోవడం' కూడా దీని చుట్టమేనా అని ఏటా ఎవడో ఒకడు చెయ్యెత్తి అడుగుతాడు. కాదురా, అది మన లాగడం, దీనికీ దానికీ సంబంధం లేదు అని చెబుతాను. ఆవేళ మాత్రం సాంబుని చొక్కా పట్టుకుని లాక్కుపోవడమే కళ్లకి కట్టింది. ఎవరా ఆడపిల్ల? దానికి తల్లీ తండ్రీ ఉన్నారా? మా కాలేజీలో తెలిస్తే ఆడపిల్లల క్లాసులో నిలబడి పాఠం ఎలా చెప్పను? నిజం చెప్పాలంటే ఈ మూడో ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు ఉన్నాను.

ఇన్ని అర్థాలు వరసపెట్టి అనుకున్నదాన్ని ఒకదాన్ని వదిలేశాను. అదేమిటో కృష్ణా జిల్లా వాళ్లకి ఈపాటికి అర్థమై నవ్వుకుంటూ ఉంటారు.

ఉయ్యూరు దగ్గర చెరుకు బళ్లు అడ్డమొచ్చి బస్సు కాసేపు ఆగింది. పామర్రులో దిగేసరికి ఎనిమిదిన్నర. స్టాండు పక్క హోటల్లో ఇడ్లీ తీసుకున్నాను, సగం తిని వదిలేశాను. తొమ్మిది దాటాక ఆటో నిండింది. వరి కోసేసిన మళ్లల్లో మినుము మోకాలి ఎత్తున పచ్చగా ఉంది. మంచు ఇంకా పూర్తిగా విడవలేదు. మాఘమాసంలో ఆ దారి చాలా బాగుంటుంది. మీరెవరైనా వెళ్తే చూసుకుంటూ వెళ్లండి. నేను చూసుకోలేదు. ఆటోవాడు ఊరి సెంటర్లో ఆపి "ఎక్కడ దిగుతారండీ?" అంటే, పక్కవాళ్లకి వినపడకుండా "పోలీస్ స్టేషన్ దగ్గర" అన్నాను. అతను వెనక్కి తిరిగి గట్టిగా "స్టేషన్ దగ్గరాండీ?" అన్నాడు. ఆటోలో అందరూ నా వైపు చూశారు.

ఊరి పేరు కావాలనే రాయడం లేదు. ఆ ఊళ్లో అందరూ మంచివాళ్లే.

స్టేషన్లో పెద్ద వయసు హెడ్ కానిస్టేబుల్ ఒకాయన టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నాడు. బెంచీ మీద గళ్ల తువ్వాలు వేసుకున్న మనిషి ఒకతను, గేదె తప్పిపోయిందని చెప్పుకోడానికి వచ్చినట్టున్నాడు. నేను కొంగు కప్పుకుని టేబుల్ దగ్గరికెళ్లి లోగొంతుకతో చెప్పాను.

"గట్టిగా చెప్పండమ్మా, నాకీ చెవి వినపడదు" అన్నాడు హెడ్డు.

"ఆడపిల్ల విషయంలో మా తమ్ముణ్ని మీ లాకప్పులో పెట్టారటండీ" అన్నాను గట్టిగా. అంటూంటే ఏడుపొచ్చేసింది. బెంచీ మీద మనిషి గేదె సంగతి మర్చిపోయి నా వైపే చూస్తున్నాడు.

"మా లాకప్పులోనా? ఇక్కడెవరూ లేరమ్మా. కావాలంటే చూసుకోండి." చూపించాడు. ఊచల వెనక రెండు తుక్కు సైకిళ్లు, ఒక విరిగిన కుర్చీ ఉన్నాయి. "మీకు చెప్పిందెవరు? ఏమన్నారు? ఉన్నదున్నట్టు చెప్పండి."

ఉన్నదున్నట్టు చెప్పడం మొదలుపెట్టాను. "సాంబశివరావు అక్కగారేనా అన్నారండీ. మీ తమ్ముడు లాకు... ల్లో ఉన్నాడు అన్నారండీ." అక్కడికొచ్చి ఆగిపోయాను. ఆ గరగర తీసేసి పైకి అంటే మాట దానంతటదే అతుక్కుంది.

"లాకుల్లో ఉన్నాడన్నారేమోనమ్మా!" హెడ్డు నవ్వేశాడు. "కాలవ మీద లాకులు! అక్కడ సాంబశివరావని కొత్తగా చేరిన లస్కరు ఉన్నాడుగా, పొడుగ్గా ఉంటాడు. నిన్న సాయంత్రం కూడా షట్టర్లెత్తుతుంటే చూశాను."

తల కొట్టేసినట్టయింది. మా ప్రాంతం కాని వాళ్ల కోసం చెబుతున్నాను: బ్రిటిష్ వాళ్లు కాలవలు తవ్వినప్పుడు పడవలు ఎగువకీ దిగువకీ పోవడానికి నీళ్లని రెండు తలుపుల మధ్య మూసి నిలబెట్టే కట్టుబడి కట్టారు. దాన్నీ ఇంగ్లీషులో లాక్ అనే అంటారు. రెండు తలుపులు కాబట్టో ఏమో మనవాళ్లు బహువచనం చేసి లాకులన్నారు. డెల్టాలో ఎన్ని కాలవలో అన్ని లాకులు. అక్కడ తలుపులెత్తి దించే పనివాళ్లు లస్కర్లు. ఇదంతా నాకు తెలియక కాదు. నేను రోజూ కాలేజీ నుంచి వచ్చి దిగే సిటీ బస్సు స్టాపు పేరే ఏలూరు లాకులు. ఏళ్ల తరబడి కండక్టరుకి "లాకులు ఒకటి" అని చెప్పి టిక్కెట్టు తీసుకుంటున్నదాన్ని. పైగా కాలవల మీద పనని వాడు చెప్పి మరీ వెళ్లాడు. ఆ పెద్దాయన అన్నది లాకు వరకే. అప్పు నేనే తగిలించుకున్నాను.

మెట్లు దిగుతుంటే రెండో సంగతి వెలిగింది. ఆడపిల్ల విషయం. మీ వైపు పెద్దవాళ్లు. వచ్చి మాట్లాడుకుంటే. మాఘమాసం. అవి పిల్లనిచ్చేవాళ్ల మాటలు. ఇంటికి పెద్ద దిక్కుగా నన్ను పిలిచారు, నేను బ్రెడ్డు పట్టుకుని బయల్దేరాను.

సెంటర్లో కొట్టుంటే తమలపాకులు, వక్కలు, కుంకం పొట్లం కొన్నాను. పళ్లు అక్కడ దొరకలేదు. పదవుతోంది, మళ్లీ పామర్రు వెళ్లే వ్యవధి లేదు. కాలవ గట్టు మీద కిలోమీటరు పైగా నడవాలి. రిక్షా అతను వస్తానన్నాడు గానీ వద్దన్నాను, మొహం కాస్త మామూలుగా అయ్యేదాకా నడుద్దామని.

లాకులు నేననుకున్నదానికంటే పెద్దవి. నల్లరాతి గోడలు, వాటి మధ్య పడవ పట్టేటంత తొట్టి, అటూ ఇటూ తుప్పు పట్టిన ఇనప తలుపులు. ఇప్పుడు పడవలు లేవు. పక్కనున్న షట్టర్ల కిందనుంచి మాత్రం నీళ్లు హోరున దూకుతున్నాయి. గోడ మీద పేరూ సంవత్సరం చెక్కిన పలక ఉంది గానీ పాచి పట్టి కనపడదు. గట్టు మీద వేపచెట్టు, దాని కింద రెండు గదుల క్వార్టర్సు ఉన్నాయి. ముగ్గు తడి ఆరలేదు. షట్టరు చక్రం దగ్గర ఇస్త్రీ చొక్కా వేసుకుని సాంబు నిలబడి ఉన్నాడు.

"అక్కా! వచ్చావా! బావగారు రాలేదా?" అని ఎదురొచ్చాడు. నల్లబడ్డాడు, ఒళ్లు చేశాడు. "పని కుదురుకుందక్కా. ముందు నీకు చెప్పాకే మాట్లాడుకుందాం అన్నాను వీళ్లతో."

వాడి భుజం తట్టాను.

ఫోను చేసిన పెద్దాయన వీరాస్వామి గారు. ఆ లాకుల మీదే లస్కరుగా ముప్ఫయ్యేళ్లు చేసి, వచ్చే ఏడు రిటైరవుతున్నారు. ఆయన భార్య నాంచారమ్మ గారు "రండి వదినా, ఎండన పడి వచ్చారు" అని కాళ్లకి నీళ్లిచ్చి, నా చేతిలో సంచీ అందుకున్నారు. పిల్లనిచ్చే ఇంటికి వచ్చినావిడ చేతిలో సంచీ ఉందంటే పళ్లూ పూలూ అనుకోవడం సహజమే కదా. నేను వద్దనేలోపే లోపలికి తీసుకెళ్లారు. తలుపు రెక్క సందులోంచి కనిపిస్తూనే ఉంది. చక్కరకేళీలు తీశారు. తర్వాత బ్రెడ్డు. తర్వాత పాత లుంగీ పైకొచ్చింది. ఆవిడ దాన్ని పట్టుకుని ఒక్క క్షణం అలా నిలబడి, మళ్లీ మడత పెట్టి లోపల పెట్టేశారు. బయటికి వచ్చేటప్పుడు ఇత్తడి పళ్లెంలో ఆ అరటిపళ్లు, నా తమలపాకులు, కుంకం అందంగా పేర్చి తీసుకొచ్చారు. "మెత్తని పళ్లు తెచ్చారు, మావారికి పళ్లు లేవని సాంబు చెప్పాడేమో" అని నవ్వారు. నేనూ నవ్వాను. అంత కష్టపడి ఎప్పుడూ నవ్వలేదు.

పిల్ల దుర్గ కాఫీ తెచ్చింది. చామనఛాయ, చురుకైన కళ్లు. ప్రైవేటుగా డిగ్రీ కడుతోందట. సిగ్గుపడుతూనే అడిగింది.

"మీరు ఇంగ్లీషు చెబుతారటగా అండీ. లాకులు ఇంగ్లీషు మాటేనాండీ? మా నాన్న తెలుగే అంటారు."

"ఇంగ్లీషేనమ్మా" అన్నాను. ఎవరన్నా మాట పుట్టుక అడిగితే నాకు ఒళ్లు తెలీదు. ఆ పూట కూడా తెలీలేదు. పాత కాలంలో గడియకి ఆ పేరుండేదని, నీళ్లకి గడియ పెట్టేవి కాబట్టి ఇవీ లాకులయ్యాయని చెప్పాను. దుర్గ మెడలో చిన్న లాకెట్టు ఉంది. "అదీ ఈ వంశమే. ఫ్రెంచివాళ్లు చిన్న గడియని అలా పిలిచేవాళ్లు." జడలోంచి జారిన పాయ చూపించి, "దీన్నీ ఇంగ్లీషులో లాకే అంటారు. కానీ ఇది వేరే ఇంటి పిల్ల. పేరొక్కటే, పుట్టుక వేరు" అన్నాను. వీరాస్వామి గారు మెచ్చుకోలుగా తలూపుతున్నారు. సాంబు గర్వంగా కూర్చున్నాడు, మా అక్క చూడండి అన్నట్టు. తాళం చెప్పాను, లాకరు చెప్పాను, లాకౌటు చెప్పాను. ఒక్కటి మాత్రం చెప్పకుండా దాటేశాను.

దాన్ని చెప్పడానికి మనిషి సైకిలు మీద వచ్చాడు. గళ్ల తువ్వాలు. నాంచారమ్మ గారి తమ్ముడట.

"గేదె దొరకలేదక్కా" అంటూ లోపలికొచ్చి నన్ను చూసి ఆగిపోయాడు. "ఈవిడేంటి ఇక్కడ? ఈవిడేగా పొద్దున స్టేషన్లో, ఆడపిల్ల విషయంలో తమ్ముణ్ని లాకప్పులో వేశారని ఏడ్చింది!"

అందరూ నా వైపు చూశారు. సాంబు చూడలేదు. వాడు కాఫీ గ్లాసు కింద పెట్టి, నేల వైపు చూసి, తలెత్తి నవ్వాడు.

"అది నా నిర్వాకమేనండీ. వీరాస్వామి గారు మాట్లాడాక నేనూ అక్కకి ఫోను చేశాను. లాకప్పులో ఉన్నానని తమాషాకి చెప్పాను. పాపం, నిజమనుకుంది."

"పెళ్లి మాటలప్పుడు ఇవేం తమాషాలయ్యా!" అని మేనమామ గయ్యిమన్నాడు. దుర్గ గ్లాసులు తీస్తూ నా దగ్గర వంగి, చాలా మెల్లిగా అడిగింది.

"అదీ అదే మాటేనాండీ?"

"అదే మాటమ్మా" అన్నాను.

అప్పుడు నేను నోరు తెరవాలి. తమాషా కాదు, వాడు ఫోనే చెయ్యలేదు, నేనే అనుకున్నాను అని ఒక్క ముక్క చెబితే చాలు. చెబితే ఆ ఇంట్లో నా మొహం ఏమవుతుంది? టీచరమ్మ, ఇంటికి పెద్ద దిక్కు. సొంత తమ్ముడి మీద ఆ మాట నమ్మి స్టేషన్ మెట్లెక్కిన మనిషి. నేను కాఫీ తాగాను. వాడు తిట్లు తింటున్నంతసేపూ చల్లారిపోయిన కాఫీని గుక్కగుక్కగా తాగుతూ కూర్చున్నాను.

భోజనం పెట్టారు. ముద్దపప్పు, గోంగూర, చేపల పులుసు. మర్యాదలో ఏ లోటూ చెయ్యలేదు. చేతులు కడుక్కున్నాక వీరాస్వామి గారు తువ్వాలు భుజాన వేసుకుని అన్నారు.

"కుర్రాడు కష్టపడతాడమ్మా, కాదనను. కానీ ఒక ఏడాది పోనివ్వండి. వచ్చే మాఘంలో చూద్దాం."

సాంబు మొహంలో రంగు పోయింది. "అలాగేనండీ" అన్నాడు. నేను కూడా "అలాగేనండీ" అన్నాను.

ఒంటిగంటన్నరకి నన్ను ఆటో ఎక్కించడానికి సాంబు సెంటరు దాకా వచ్చాడు. సంచీ వాడి చేతిలోనే ఉంది.

"ముందు స్టేషన్‌కే వెళ్లావా అక్కా?"

"ఫోన్లో సరిగ్గా వినపడలేదురా."

"ఊఁ." కొంచెం దూరం నడిచాడు. "లాకులని వినపడకపోయి ఉండొచ్చులే."

ఆటో వచ్చింది. సంచీ ఇవ్వబోతూ లోపల చెయ్యి పెట్టి లుంగీ తీసుకున్నాడు. "ఇది ఉంచుకుంటా, బాగా మెత్తబడింది" అన్నాడు. ఆటో కదిలేదాకా నిలబడ్డాడు. నా మీద కోపమైనా తెచ్చుకుంటే బాగుండేది.

పామర్రులో బెజవాడ బస్సు వెంటనే దొరికింది, సీటు కూడా దొరికింది. పొద్దున చూడని మినుము చేలు, చెరుకు బళ్లు, కాలవలు అన్నీ ఇప్పుడు చూశాను. దారిలో ఎన్ని లాకులున్నాయో కూడా చూశాను. రోడ్డు పక్కనే ఉన్నాయి, పొద్దున కూడా అక్కడే ఉండి ఉంటాయి. తిట్టు తినడం వాడికి కొత్త కాదు. చెయ్యని పనికి తినడమూ కొత్త కాదు. నా కోసం తినడం మాత్రం అదే మొదలు. ఉయ్యూరు దాటాక ఇక కూర్చోలేకపోయాను. ఎప్పుడు బస్సు ఆగుతుందా అని లేచి నిలబడ్డాను, అంత దూరం ఉండగానే.

నాలుగు కాకముందే బస్టాండులో దిగి ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లోకి వెళ్లాను. వీరాస్వామి గారు అవసరానికని లాకుల పక్క కిరాణా కొట్టు నంబరు ఇచ్చారు. పిలుస్తాం, పది నిమిషాలాగి చెయ్యండన్నారు కొట్టువాళ్లు. బూత్ లోపలే నిలబడి మళ్లీ చేశాను. ఆయనే ఎత్తారు.

"నేనండీ, సాంబు అక్కని. పొద్దున వాడు చెప్పింది అబద్ధమండీ. వాడు తమాషా చెయ్యలేదు, అసలు నాకు ఫోనే చెయ్యలేదు. మీరు చెప్పింది నేనే తప్పుగా విన్నాను. తప్పుగా అనుకున్నాను. వాడిలో ఏ దోషమూ లేదండీ. ఆ ఏడాది గడువు..."



"తెలుసమ్మా" అన్నారు. "లాకప్పులోనా అని మీరు నిన్న ఫోన్లో అడిగారు కదా, నేనే సరిగ్గా వినక ఆఁ ఆఁ అన్నాను. మా ఆవిడ సంచీలో లుంగీ, బ్రెడ్డు ఉన్నాయని చెప్పినప్పుడే అనుమానం వచ్చింది. మా బావమరిది వచ్చాక అర్థమైంది. కుర్రాడు మీ పరువు కాపాడాడు. మంచి బుద్ధే."

"మరి ఏడాది ఎందుకండీ?"

ఆయన గొంతు సవరించుకున్నారు. మర్యాదస్తుడు, ఎలా చెప్పాలా అని వెతుక్కున్నారు.

"ఏమీ అనుకోకండమ్మా. పెంచిన అక్కగారు మీరే నమ్మలేకపోయారు. ఆరు నెలలుగా చూస్తున్న మేము ఎంత నమ్మచ్చో తెలియక, ఒక ఏడాది అడిగాం."

ఈసారి లైను చాలా బాగుంది. గరగర ఏమీ లేదు. ఒక్క అక్షరం కూడా పోకుండా వినిపించింది.